మా పొలం బొమ్మ మాకు చూపించరా?

కృష్ణా డెల్టా కింది కొసన పుట్టిన మనిషికి ఎన్నో దశాబ్దాలపాటు సొంత ఊరి మ్యాపు చేతిలో పెట్టుకునే స్వేచ్ఛ లేదు. కోపంలో పెంచి చెబుతున్నానని అనుకోవద్దు. దేశ సరిహద్దు నుంచీ సముద్రతీరం నుంచీ లోపలికి సుమారు 80 కిలోమీటర్ల పట్టీలో పడే స్థలాకృతి పటాలను సర్వే ఆఫ్ ఇండియా ఆంక్షల జాబితాలో పెట్టుకుంది. బందరు సముద్రం ఒడ్డునే ఉంది. దివిసీమకు ఎటు చూసినా నీళ్లే. గుడివాడ నుంచి బందరుకు నలభై కిలోమీటర్లు కూడా లేదు. ఇంకేముంది! కాలవలు, కరకట్టలు, లంకలు, మడ అడవులు, శ్మశానాలతో సహా మా సీమంతా దేశరహస్యం అయి కూచుంది. ఆ రహస్యంలో పుట్టి, అందులోనే ఊడ్చి కోసి, అందులోనే ఉప్పెనకు పోయినవాడికి మాత్రం అది ఎలా ఉంటుందో కాగితం మీద చూసే యోగం లేదు.

అదే కాలంలో ఆకాశంలో ఏం జరిగింది? 1960 నుంచి 1972 దాకా అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 'కరోనా' పేరుతో ప్రపంచాన్ని ఫిల్ము మీద తీసుకుపోయాయి. 1995లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెడితే ఆ తరం ఉపగ్రహాలు తీసిన ఎనిమిది లక్షల అరవై వేలకు పైగా చిత్రాలు బయటికొచ్చాయి. ఎవరు అడిగితే వాళ్లకు ఇస్తున్నారు. దొంగ ఇల్లంతా కలయదిరిగి పోయాక ఇంటి యజమానిని గదిలోకి రానీయకుండా తాళం వేసినట్టుంది మన భద్రత.

పాత కథ తవ్వడం దేనికంటే, ఆ తాళం వేసిన బుద్ధే ఇవాళ లైసెన్సులు రాస్తోంది.

2020 జూన్‌లో కేంద్రం అంతరిక్ష రంగం తలుపులు ప్రైవేటు కంపెనీలకు తెరిచింది. అనుమతులివ్వడానికి అహ్మదాబాదులో ఇన్‌స్పేస్ అనే సంస్థను పెట్టింది. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. 2024 మేలో నిబంధనల పుస్తకం వచ్చింది. ఆ ఏడాదే విదేశీ పెట్టుబడికి ద్వారాలు పెంచారు. ఉపగ్రహాల తయారీ, నిర్వహణ, వాటి డేటా వ్యాపారంలో 74 శాతం దాకా విదేశీ సొమ్ము ముందస్తు అనుమతి లేకుండానే రావచ్చు. ప్రైవేటు కంపెనీలు రావడం మీద నాకు కోపం లేదు. హైదరాబాదు కుర్రాళ్లు ఉపగ్రహాలు కడుతుంటే ఛాతీ ఉప్పొంగుతుంది కూడా. 2025 ఆగస్టులో పిక్సెల్ నాయకత్వంలో నాలుగు కంపెనీల జట్టును ఇన్‌స్పేస్ ఎంపిక చేసింది. అందులో మన ధ్రువ స్పేస్ ఉంది. పన్నెండు ఉపగ్రహాలు, 1,200 కోట్ల పైచిలుకు పెట్టుబడి. సర్కారు నుంచి సొమ్ము ఆశించకుండా మేమే పెట్టుకుంటామని ముందుకొచ్చారు. శభాష్.

కానీ అనుమతి ఇచ్చేవాడు ఏం అడుగుతున్నాడో చూడండి. ఉపగ్రహం ఎవరిది? వాటాలు ఎవరివి? నేలమీద స్టేషను ఎక్కడ? బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుంది? 30 సెంటీమీటర్లు, అంతకంటే స్పష్టమైనదైతే పంచడానికి విడిగా అనుమతి తీసుకున్నావా? దేశభద్రతకు ముప్పొస్తే మేం ఆపమన్నప్పుడు ఆపుతావా? అన్నీ అడగాల్సినవే, కాదనను. పుస్తకమంతా తిరగేసినా ఒక ప్రశ్న మాత్రం కనిపించదు: నువ్వు ఎవడి చేను ఫొటో తీస్తున్నావో, ఆ ఫొటో వాడికి చూపిస్తావా?

చూపించకపోతే కొంపలేం మునుగుతాయని అడిగేవాళ్లున్నారు. మునిగే కొంపలు మావి గనక చెబుతాను.

ప్రధానమంత్రి ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కకు ఉపగ్రహాన్నీ కలిపారు. ఆ పద్ధతి అమలయ్యేచోట దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం బరువు పైనుంచి వచ్చే లెక్కకు. పంటకోత ప్రయోగం అంటే చేలో గడి కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఊళ్లో నలుగురూ గట్టుమీద నిలబడి చూస్తారు. తూకంలో తేడా వస్తే అక్కడే అరుస్తారు. ఉపగ్రహం వేసిన తూకాన్ని ఎవరు చూశారు? ఏ తేదీ బొమ్మ? ఆ రోజు మబ్బు పట్టిందా? నీళ్లు నిలిచిన చేను పచ్చగా కనిపించి 'బాగుంది' అని రాసుకున్నారా? ఉప్పునీరు ఎగదన్ని చౌడు తేలిన మడిని బీడని తీసిపారేశారా? మొవ్వలోనో ఘంటసాలలోనో రైతుసేవా కేంద్రానికి వెళ్లి అడగండి. అక్కడ కూచున్న పిల్లకు అంతకంటే ఏమీ తెలియదు, పాపం; ఆమెకు వచ్చేదీ ఒక అంకే. ఇక కౌలు రైతు సంగతి! అడంగల్‌లో పేరు ఎక్కించుకోవడానికే ఆసామి గడప చుట్టూ తిరిగే మనిషి, ఆకాశంలో ఐదువందల కిలోమీటర్ల ఎత్తున తయారైన లెక్క మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

బీమా ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. పొలాలను పైనుంచి చదివి రైతు పరపతి అంచనాలను బ్యాంకులకు అమ్ముతున్నామని ఈ రంగంలోని కంపెనీలు తామే చాటుకుంటున్నాయి. అంటే మా చేను మీద ఒక రహస్య దస్త్రం నడుస్తూ ఉంటుంది. రాసేవాడికి లైసెన్సు ఉంది, కొనేవాడికి రశీదు ఉంది. మాకున్నది పాస్‌పుస్తకం ఒక్కటే, దాంట్లో ఆ బొమ్మ ఉండదు.

కొల్లేరు కథకు కాస్త ఆగుదాం. ఇది గుడివాడ వాళ్లకు పక్క వాకిలి కథ. 1999లో +5 కాంటూరు వరకూ, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపల, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. ఆ గీత లోపలి చేపల చెరువులు అక్రమం. 2004లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యుడు కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఐఆర్‌ఎస్-1డి చిత్రాలు చదివి, సరస్సు మాయమైపోతోందని కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఒక్కో చుక్క ఇరవై మూడున్నర మీటర్లుండే మొరటు బొమ్మలవి. అవే చాలాయి. చెరువు గట్లు వలలా కమ్ముకుని సరస్సు నోరు ఎలా మూశాయో లోకానికి తెలిసింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. మందుపాతరలు పెట్టి గట్లు పేల్చారు.

గట్లు కొట్టడం తప్పని నేను అనను. కొల్లేరు పూడితే బుడమేరు నీళ్లు వెనక్కి తన్ని మా ఊళ్ల మీదే పడతాయి. నా పేచీ ఒక్కటే. ఐదడుగుల గీత ఎక్కడ పోతుందనేది వేలమంది బతుకు తేల్చింది. పెద్దల బినామీ చెరువులూ, సొసైటీల పేరిట పేదల చెరువులూ ఆ గీత దగ్గరే విడిపోయాయి. గీత సరిగ్గా ఎవరి గట్టు మీదుగా పోయిందో, ఏ బొమ్మ మీద, ఏ ఎత్తు కొలతతో గీశారో పల్లె రచ్చబండ దగ్గర పరిచి చూపించి ఉంటే ఇన్నేళ్లుగా మూడో కాంటూరా ఐదో కాంటూరా అన్న రాజకీయం నడిచేదా? ప్రతి ఎన్నికలోనూ ఎవడో ఒకడొచ్చి మూడో కాంటూరుకు తగ్గిస్తామని ఓట్లడిగి పోయేవాడా? చీకట్లో గీసిన గీతను వెలుతురులో ఎవడూ నమ్మడు.

ఎత్తు అన్నాం గనక ఆ సంగతీ చూద్దాం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద ఆంక్షలు చాలామటుకు ఎత్తేసింది. మంచి పని, ఆలస్యంగా చేసిన మంచి పని. అడ్డంలో ఒక మీటరు, నిలువులో మూడు మీటర్ల కంటే నాణ్యమైన డేటా భారతీయుల చేతిలోనే ఉండాలన్నారు. ఉండనివ్వండి. మరి ఈ భారతీయుడి చేతిలో ఉన్నదేమిటి? కార్టోశాట్-1 తీసిన జంట చిత్రాలతో ఇస్రో తయారుచేసి ఉచితంగా ఇస్తున్న ఎత్తు పటంలో నిలువు తేడా ఎనిమిది మీటర్ల దాకా ఉండొచ్చని వాళ్లే రాసుకున్నారు. కొండల్లో ఆనకట్ట కట్టేవాడికి అది బంగారం. నాగాయలంకలో మూడు మీటర్ల ఎత్తున్న నేలను మెరక అంటారు! 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఐదారు మీటర్లు లేచింది. ఎనిమిది మీటర్ల తప్పున్న పటం మీద సోర్లగొంది ఎక్కడ, పాలకాయతిప్ప ఎక్కడ, ఎవరు ముందు మునుగుతారు, ఎవరు ఏ గట్టు ఎక్కాలి? రోడ్లకూ పోర్టులకూ లైడార్‌తో సెంటీమీటర్లలో కొలిపించుకునే సర్కార్లు, కరకట్ట లోపలి పంచాయతీకి అంత సూక్ష్మమైన ఎత్తు పటం ఎందుకివ్వవు?

ఆ 77 ఉప్పెన దగ్గరే అసలు పాఠం ఉంది. సర్కారు లెక్కలో పదివేలకు అటూ ఇటూ పోయారు. దివిసీమ ఆ లెక్కను ఎన్నడూ నమ్మలేదు. అప్పటికి మన దేశానికి ఆకాశంలో సొంత కన్ను లేదు. భాస్కర-1 ఎగిరింది 1979లో, మబ్బుల్ని చూసే ఇన్సాట్ నిలిచింది 1983లో. ఇవాళ మిచౌంగ్ వచ్చినా, మొంథా వచ్చినా మనుషుల్ని ముందే తరలిస్తున్నాం. ఎలా సాధ్యమైంది? రాడార్లు, షెల్టర్లు, ఫోన్లు, అధికారుల కష్టం అన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు, తుఫాను బొమ్మను ఎవరూ దాచలేదు. ఇన్సాట్ చిత్రాలు అరగంటకోటి చొప్పున బహిరంగంగా వస్తాయి. వేటకెళ్లే మనిషి తెరచాప కిందే ఫోనులో సుడి ఎటు తిరుగుతోందో చూసుకుంటాడు. రొయ్యల చెరువు కుర్రాడు రాత్రి పన్నెండింటికి గాలి మ్యాపు చూసి ఏరియేటర్ల కరెంటు సంగతి తేల్చుకుంటాడు. వీళ్లకు అర్థం కాదేమోనని ఏ కమిటీ దిగులు పడలేదు. మబ్బును చూపించగలిగిన ప్రభుత్వానికి, ఆ మబ్బు కింది నేలను చూపించడానికి చేతులెందుకు రావు?

2024 సెప్టెంబరు మొదటి రోజులు గుర్తు చేసుకోండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. బుడమేరు గండ్లు పడి బెజవాడ మునిగింది. ఆ నీరే దిగువకు నడిచి నందివాడ మండలం ఊళ్లను రోజుల తరబడి ముంచింది. ఇటు దివిసీమ లంకలు. బెజవాడ సింగ్‌నగర్ టీవీల్లో కనిపించింది. నందివాడ అంతగా కనిపించలేదు. మబ్బుల్ని చీల్చి చూసే రాడార్ ఉపగ్రహాలు ఆ రోజుల్లోనూ మా మీదుగా పోయాయి. హైదరాబాదు బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ముంపు పటాలు తయారుచేసి అధికారులకు పంపుతుంది, ఆ పని వాళ్లు ఏళ్లుగా శ్రద్ధగా చేస్తున్నారు. విపత్తుల వేళ ఉపగ్రహ సంస్థలు ఉచితంగా బొమ్మలిచ్చుకునే అంతర్జాతీయ ఒడంబడికలో ఇస్రో 2001 నుంచీ సభ్యురాలు. కాబట్టి బొమ్మలు వస్తాయి. కలెక్టరేటు దాకా వస్తాయి. అక్కణ్నుంచి కిందికి దిగాలంటే వాటికీ పడవ దొరకదు కాబోలు! నీరు తీసిన పది రోజులకు ఎన్యూమరేషన్‌కు వచ్చిన ఉద్యోగి 'మీ చేను మునిగినట్టు మా దగ్గర లేదే' అంటే, రైతు దగ్గరుండే సాక్ష్యం ఏమిటి? కుళ్లిన దుబ్బు, ఇంటి గోడమీద బురద చార.

సిగ్గుపడాల్సిన మాట ఇంకోటి. ఆ రైతు కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ముందు కూచుని ఆ రోజు నాన్న చేను మునిగిందో లేదో చూడగలడు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 రాడార్ బొమ్మలు 2014 నుంచీ ఉచితం. అమెరికా లాండ్‌శాట్ బొమ్మలు 2008 నుంచీ ఉచితం. 2025 జులైలో మన శ్రీహరికోట నుంచే ఎగిరిన నైసార్ డేటా కూడా అందరికీ తెరిచే ఉంచుతామన్నారు, నాసా పొత్తు పుణ్యమా అని. మన 2023 విధానమూ ఒక అడుగు వేసింది: ఐదు మీటర్లు, అంతకంటే మొరటుగా ఉండే ఇస్రో బొమ్మలు అందరికీ ఉచితం. సంతోషం. ఐదు మీటర్ల కంటే స్పష్టమైనవి మాత్రం సర్కారీ శాఖలకు ఉచితం, మిగతావాళ్లకు ధర. ఆ మిగతావాళ్లలో పంటబోదె గట్టు తెగి నష్టపోయిన మనిషి ఉన్నాడు. గట్టు వెడల్పు రెండు మీటర్లుంటే ఐదు మీటర్ల చుక్కలో గండి కనిపించదు. కనిపించే బొమ్మకు ఆయన డబ్బు కట్టాలి. ఆ ఉపగ్రహాన్ని ఎగరేసిందే ఆయన కట్టిన పన్నుతో!

ఇప్పుడు భద్రతావాదులు లేస్తారు. 'నాగాయలంక మండలం గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రం వస్తోంది, తెలుసా? బందరులో బీఈఎల్ కర్మాగారం ఉంది, తెలుసా?' తెలుసు నాయనా. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, 1983లో బీఈఎల్ చేతికొచ్చి, సైన్యానికి చీకట్లో చూసే కళ్లు చేసిపెడుతున్న ఊరు మాది. దేశభక్తి మాకు అహ్మదాబాదు నుంచి దిగుమతి కానక్కర్లేదు. క్షిపణి కేంద్రం ప్రహరీ లోపలి బొమ్మ దాచుకోండి, ఎవరూ అడగడం లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని పక్కన ఎదురుమొండి దీవి ఒడ్డు ఏటేటా ఎంత కోసుకుపోతోందో దాస్తే ఒప్పుకోం.

పైగా దాచడం ఎవరి దగ్గర? 31 సెంటీమీటర్ల స్పష్టత ఉన్న అమెరికా ప్రైవేటు ఉపగ్రహం వరల్డ్‌వ్యూ-3 ఎగిరింది 2014లో. గూగుల్ ఎర్త్ వచ్చిన కొత్తల్లో, 2005 అక్టోబరులో, రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైదరాబాదు పోలీసు అకాడమీలో ఆందోళన వెలిబుచ్చారు. ఆయన మాటకు బరువుంది. ఆయన దిగులు నిజాయితీ గలది. కానీ ఆ తర్వాత మన అధికార గణం చేసిందేమిటి? 2011 విధానంలో ఒక మీటరు కంటే స్పష్టమైన బొమ్మ ప్రైవేటు మనిషికి కావాలంటే సర్కారీ సంస్థ సిఫారసు ఉండాలి, లేదంటే కమిటీ జల్లెడ పట్టాలి అన్నారు. 2016లో ఇంకో ముసాయిదా బిల్లు తెచ్చారు: దేశం మ్యాపు తప్పుగా చూపితే ఏడేళ్ల జైలు, వంద కోట్ల దాకా జరిమానా! దేశమంతా నవ్వితే మూల పడేశారు. చూసే శక్తి ఉన్నవాడు చూస్తూనే ఉన్నాడు. నిషేధం పాటించినవాడు మన ఊరి ఇంజనీరింగ్ విద్యార్థి, మన డ్రైనేజీ ఏఈ, మన విలేకరి.

1986 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఈ రంగానికి కొన్ని సూత్రాలు ఆమోదించింది. పేద దేశాలు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించుకున్న సూత్రం అందులో ఒకటుంది: ఏ దేశాన్ని ఫొటో తీశారో ఆ దేశానికి, వివక్ష లేకుండా, సరసమైన ధరకు ఆ బొమ్మలు అందాలి. మా మీద తీసిన బొమ్మ మాకివ్వండని న్యూయార్కులో న్యాయమని ఒప్పుకున్నది, ఢిల్లీ నుంచి దివిసీమకు వచ్చేసరికి ఎందుకు ఆవిరైంది? దేశానికి ఉన్న హక్కు ఊరికి ఉండదా? ఊళ్లన్నీ తీసేస్తే దేశమనేది ఎక్కడుంటుందో ఆ మ్యాపు నాకొకటి గీసి చూపించండి.

దాచిన బొమ్మల్లో మా కాళ్లకింది నేల సంగతే ఉంది. ఆ నాగేశ్వరరావు బృందమే 2010లో చెప్పింది: 1965 నుంచి 2008 దాకా కృష్ణా గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. 1960ల చివర్లో ఏడాదికి సగటున తొంభై లక్షల టన్నుల ఒండ్రు తెచ్చిన కృష్ణ, 2000 తర్వాతి ఏళ్లలో నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. ఎగువన డ్యాములు కట్టుకున్నాం, ఒండ్రు వాటి కడుపులో ఉంది. పాత మ్యాపులూ ఉపగ్రహ చిత్రాలూ పండితుడి చేతికి చిక్కాయి గనక ఈ నిజం బయటపడింది. హంసలదీవి వాళ్లకూ నాచుగుంట వాళ్లకూ ఏటేటా ఈ బొమ్మ పంచాయతీ గోడకు అంటించి ఉంటే, కోత పడే ఒడ్డున పక్కా ఇళ్లు మంజూరు చేసే ఘనకార్యాలు కొన్నయినా ఆగేవి.

నేను అడుగుతున్నది కంపెనీల ఆస్తి లాక్కోమని కాదు. 1,200 కోట్లు పెట్టినవాడు బొమ్మ అమ్ముకోవాలి, అమ్ముకోనివ్వండి. అనుమతి ఇచ్చే కాగితంలోనే షరతు రాయండి: వరద, తుఫాను ప్రకటించిన జిల్లా మీద తీసిన ప్రతి బొమ్మా ఇరవై నాలుగు గంటల్లో గ్రామ సచివాలయం కంప్యూటర్లో తెరుచుకోవాలి. ఏ బొమ్మ ఆధారంగానైనా ఒక పౌరుడి బీమా కోసినా, రుణం కాదన్నా, గట్టు పేల్చినా, తేదీ సమయంతో సహా ఆ బొమ్మ ఆ పౌరుడికి పైసా లేకుండా చేరాలి, దాని మీద వాదించే చోటు మండలంలోనే ఉండాలి. మూడేళ్లు పాతబడిన బొమ్మకు సంతలో ధర పలకదు. దాన్ని ఊరికి వదిలేయండి, మా ఒడ్డు ఎంత తగ్గిందో మేమే కొలుచుకుంటాం. భద్రత కోసం ఏదైనా ఆపితే, ఆపామని చెప్పండి, ఎన్నాళ్లో చెప్పండి.

అంతరిక్ష కార్యకలాపాల బిల్లు 2017లో ముసాయిదాగా వచ్చింది, చట్టం కాలేదు. ఆ చట్టం కోసం ఆగుదామని ఎవరైనా అంటే నమ్మకండి. ఇన్ని ఉపగ్రహాలకు అనుమతులు ఆ చట్టం లేకుండానే ఇస్తున్నారు. షరతులున్నది నిబంధనల పుస్తకంలో. దాన్ని సవరించడానికి పార్లమెంటు గడప తొక్కక్కర్లేదు. పన్నెండు ఉపగ్రహాలు ఇంకా పైకి వెళ్లే పనిలో ఉన్నాయి, రాయడానికి ఇదే అదను. బందరు ఎంపీ ఈ సమావేశాల్లో అడగాల్సిన ప్రశ్న ఇది. గుడివాడ, పామర్రు, పెడన, అవనిగడ్డ ఎమ్మెల్యేలు అసెంబ్లీలో తీర్మానం పెట్టించి పంపాల్సిన చిరునామా ఇన్‌స్పేస్, బోపల్, అహ్మదాబాదు.